2021లో లాక్ చేసిన అకౌంట్ సంక్రాంతికి లాగిన్ అయింది, ఎలా?

కరకంబాడి_రోడ్డు (ప్రశ్న)

తిరుపతిలో ఒక విద్యాసంస్థలో క్లస్టర్ (కలిసి పెద్ద లెక్కలు చేసే కంప్యూటర్ల గుంపు) చూసుకుంటాను. సంస్థ పేరు చెప్పను, నాది కాంట్రాక్టు ఉద్యోగం. చూసుకోవడమంటే టీమ్ ఏమీ లేదు, నేనొక్కణ్ణే. ఏసీ నీళ్ళు కారితే కింద బకెట్ పెట్టేదీ నేనే, స్లర్మ్ (జాబులని క్యూలో పెట్టి కోర్లు పంచే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు రాసేదీ నేనే.

క్లస్టర్ 2018లో కొన్నది. ఒక లాగిన్ నోడ్ (అందరూ ముందు లోపలికొచ్చే మెషీన్), 14 కంప్యూట్ నోడ్లు (లెక్కలు చేసే మెషీన్లు), వాటిలో రెండింటికి జీపీయూలు. ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7 లైనక్స్. హోమ్ డైరెక్టరీలన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ (అన్ని నోడ్లూ పంచుకునే డిస్క్) మీద ఉంటాయి. అకౌంట్లు 94 ఉన్నాయి గానీ నిజంగా పని చేసుకునేది ఓ ముప్పై మంది. కెమిస్ట్రీ స్కాలర్లు, వాతావరణ మోడల్స్ నడిపేవాళ్ళు, ఈమధ్య ప్రాజెక్టుల కోసం జీపీయూల చుట్టూ తిరిగే బీటెక్ పిల్లలు.

కనుమ నాడు అత్తగారి ఊళ్ళో ఉన్నాను, చంద్రగిరి దగ్గర. మధ్యాహ్నం రంగంపేటలో పశువుల పండగ చూడ్డానికి ఒక పిట్టగోడ ఎక్కి నిలబడి ఉంటే ఫోన్ మోగింది. మా బ్లాక్ వాచ్‌మన్ అన్న వాట్సాప్‌లో యూపీఎస్ ప్యానెల్ ఫోటో పంపాడు. లోడ్ 78 శాతం. కింద వాయిస్ మెసేజ్: "సార్, ఏసీలు రెండూ ఆగకుండా తిరగతా ఉండాయి. పండగ పూట లోపల ఎవురన్నా ఉండారా?" క్లస్టర్ ఖాళీగా ఉంటే ఆ అంకె 20 దాటదు. హాస్టల్ మొత్తం ఊళ్ళకు పోయింది.

ఆ గోల మధ్యే ఫోన్‌లోంచి లాగిన్ అయ్యాను. స్లర్మ్ క్యూలో ఒక్క జాబూ లేదు. నోడ్లలోకి వెళ్ళి చూస్తే 12 సీపీయూ నోడ్లలోనూ అన్ని కోర్లూ నూటికి నూరు. ప్రాసెస్ పేరు కేవర్కర్. మొదట కెర్నల్‌దే (లైనక్స్ మూల ప్రోగ్రామ్) అనుకుని వదిలేయబోయాను. ఓనర్ చూస్తే రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) కాదు, ఒక స్టూడెంట్ అకౌంట్! అసలు కేవర్కర్ అయితే రూట్ పేరు మీద ఉంటుంది, మెమరీ సున్నా చూపిస్తుంది. ఇది ఒక్కో నోడ్‌లో రెండు జీబీకి పైగా పట్టుకుని కూర్చుంది. పక్కనున్న కాన్ఫిగ్ ఫైల్ తెరిస్తే మొనేరో (ఒక క్రిప్టోకరెన్సీ) మైనింగ్.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇక్కడ మొదలవుతుంది. ఆ అకౌంట్ ఉన్నావిడ పీహెచ్‌డీ అయిపోయి 2021లోనే వెళ్ళిపోయారు. వెళ్ళిన వారంలోనే పాస్‌డబ్ల్యూడీ మైనస్ ఎల్ అనే కమాండ్ కొట్టి ఆ అకౌంట్‌ని నా చేత్తో నేనే లాక్ చేశాను. షాడో ఫైల్‌లో (పాస్‌వర్డ్‌లు ఉండే చోటు) ఆవిడ లైను ముందు ఆశ్చర్యార్థకం ఇప్పటికీ ఉంది. అయినా లాగిన్ల చరిత్ర చూస్తే జనవరి 13 రాత్రి 1:40కి శుభ్రంగా లాగిన్ అయి ఉంది. ఐపీ అడ్రస్ ఒక విదేశీ విశ్వవిద్యాలయానిది.

అన్నీ కిల్ చేశాను, ఆ ఫోల్డర్ డిలీట్ చేశాను, క్రాన్‌లో (టైమ్ ప్రకారం ప్రోగ్రాములు నడిపేది) ఉన్న లైన్లు తీసేశాను. హమ్మయ్య అనుకుని చికెన్ తినడానికి కూర్చున్నాను. మర్నాడు ముక్కనుమ, పొద్దున్నే వాచ్‌మన్ అన్న ఇంకో ఫోటో. మళ్ళీ 78.

ప్రస్తుతానికి లాగిన్ నోడ్ నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. లాక్ చేసిన అకౌంట్‌లోకి ఎలా వచ్చారో తెలియకుండా మళ్ళీ పెట్టే ధైర్యం లేదు. మొత్తం ఫార్మాట్ కొట్టాలా? మార్చిలో ముగ్గురు థీసిస్ సబ్మిట్ చేయాలి, వాళ్ళ గైడ్ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు. పై నుంచి వచ్చిన ప్రశ్న మాత్రం ఒకటే: "ఎవరి తప్పో సోమవారం లోగా రాసివ్వండి."

———

పాత_యూనిక్స్

ముందు తాళం సంగతి చెప్తా తమ్ముడూ, అదేమీ మాయ కాదు. పాస్‌డబ్ల్యూడీ మైనస్ ఎల్ లాక్ చేసేది పాస్‌వర్డ్‌ని, మనిషిని కాదు. షాడోలో ఆ ఆశ్చర్యార్థకం పడితే పాస్‌వర్డ్ పనిచేయదు, అంతే. ఆవిడ హోమ్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్ (పాస్‌వర్డ్ బదులు ఏ కీలతో రావచ్చో చెప్పే జాబితా) ఉండి, నీ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ ఇచ్చేది) పామ్ (లాగిన్ తనిఖీలు చేసే భాగం) వాడుతూ ఉంటే కీతో వచ్చేవాళ్ళకి దారి తెరిచే ఉంటుంది. అకౌంట్ మూయాలంటే గడువు తేదీ పెట్టాలి: చేజ్ మైనస్ పెద్ద ఈ, సున్నా. అప్పుడు కీ ఉన్నా పామ్ ఆపేస్తుంది. ఈ తేడా తెలియని అడ్మిన్లని నేను లెక్కలేనంతమందిని చూశాను. అందులో ఒకణ్ణి రోజూ అద్దంలో చూస్తుంటాను.

ఇప్పుడు నువ్వు చేసిన తప్పు. ప్రాసెస్ చంపి, ఫోల్డర్ చెరిపేశావు. నడుస్తున్న ప్రాసెస్ దగ్గర చాలా దొరుకుతుంది. డిస్క్ మీద ఫైల్ చెరిపేసినా, ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్‌లో ఎగ్జీ అనే లింకు నుంచి అసలు ప్రోగ్రామ్‌ని కాపీ చేసుకోవచ్చు. ఎక్కడికి కనెక్ట్ అయిందో, ఎవరు మొదలుపెట్టారో అక్కడే తెలుస్తుంది. కేబుల్ పీకడం మాత్రం మంచి పని. ఇక డిస్కులు కాపీ తీసేదాకా ఏదీ ముట్టుకోకు.

ఫార్మాట్ కొట్టాలా అంటున్నావు. దానికి జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరే ఉంది. ఆఖరిసారి అప్‌డేట్లు ఎప్పుడు వేశావు? పీకేఎగ్జెక్ (వేరే యూజర్ అధికారంతో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) లోపం 2022 జనవరిలో బయటపడింది. ఆ తప్పు 2009 నుంచీ కోడ్‌లో ఉంది. మామూలు యూజర్ నిమిషంలో రూట్ అయిపోతాడు. ఆ ప్యాచ్ వేయకపోతే రూట్ పోయిందనే అనుకుని లెక్క మొదలుపెట్టు. రూట్ పోతే ఒక అకౌంట్ పోయినట్టు కాదు. మంజ్ కీ (నోడ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే రహస్యం) అన్ని నోడ్లకీ ఒకటే కదా, ఏ నోడ్‌లో రూట్ దొరికినా ఆ కీ దొరికినట్టే. దాంతో స్లర్మ్ దగ్గర ఏ యూజర్ పేరైనా చెప్పుకోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో రూట్ స్క్వాష్ (నోడ్‌లోని రూట్‌కి ఆ డిస్క్ మీద రూట్ అధికారం లేకుండా చేసే సెట్టింగు) పెట్టుకున్నా పెద్ద ఊరట లేదు, కంప్యూట్ నోడ్‌లో రూట్ అయినవాడు ఎవరి పేరుకైనా మారి వాళ్ళ హోమ్‌లో రాయగలడు.

ఇంకోటి, అన్నిటికంటే చెడ్డది. లాగిన్ నోడ్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్‌నే మార్చేసి ఉండొచ్చు. మీ పిల్లలు అక్కడి నుంచి వేరే క్లస్టర్‌కి వెళ్ళేటప్పుడు కొట్టిన పాస్‌వర్డ్ ప్రతిదీ ఒక ఫైల్‌లో పడుతుంది. 2004 ప్రాంతంలో అమెరికాలో టెరాగ్రిడ్ (సూపర్‌కంప్యూటర్ల నెట్‌వర్క్) సహా బోలెడన్ని రీసెర్చ్ మెషీన్లలోకి ఇలాగే పాకారు. ఒక చోట దొరికిన పాస్‌వర్డ్‌తో ఇంకో చోటికి, అక్కడి నుంచి మరో చోటికి. 2021లో ఈసెట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు బయటపెట్టిన కోబలోస్ అనే మాల్వేర్ కూడా సూపర్‌కంప్యూటర్లలో ఇదే పని చేసింది. 2020 మేలో యూరప్‌లో జరిగింది గుర్తుందా? ఎడిన్‌బరోలో ఆర్చర్ సూపర్‌కంప్యూటర్‌ని 11వ తేదీన ఆపేశారు, జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. దొంగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ అకౌంట్లే కారణం. కొన్నిచోట్ల నీకు జరిగినట్టే మొనేరో. ఎవరూ చూడరని ఒకచోట రాత్రిళ్ళు మాత్రమే నడిచేలా పెట్టారు. అప్పుడు దొరికిన ఫైళ్ళు ఈటీసీ కింద ఫాంట్స్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లతో ఉన్నాయి. నీ దగ్గరా ఒకసారి చూడు. లేకపోతే సంతోషించకు, పేరు మార్చడానికి వాడికి డబ్బులేం ఖర్చు కావు.

వెరిఫై చేయాలంటే ఆ మెషీన్‌ని దాని డిస్క్ మీదే బూట్ చేసి అడగొద్దు. యూఎస్‌బీ మీద బూట్ చేసి, డిస్క్‌ని మౌంట్ చేసి, ఆర్‌పీఎం వెరిఫై (ఫైళ్ళు ఇన్‌స్టాల్ అయినప్పటిలాగే ఉన్నాయో లేదో చూసే కమాండ్) కొట్టు. ప్యాకేజీల లెక్క కూడా వాడు దిద్ది ఉండొచ్చు కాబట్టి ముఖ్యమైన ప్రోగ్రాముల్ని ఒరిజినల్ ప్యాకేజీతో పోల్చుకో.

ఆ వాచ్‌మన్‌కి ఒక మంచి టీ తాగించు. 1986లో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చిందని ఒకాయన పట్టుబట్టి వెతికితే చివరికి జర్మనీలో కూర్చున్న హ్యాకర్ దొరికాడు. అప్పుడు కూడా వాడుకున్నది ఊళ్ళో లేని మనిషి అకౌంటే. నీ కేసులో 75 సెంట్లు బదులు 78 శాతం.

———

కరకంబాడి_రోడ్డు

పాత_యూనిక్స్ సార్, చేతులు జోడిస్తున్నా. సిగ్గు విడిచి నిజం చెప్తాను.

ఆఖరి అప్‌డేట్ 2021 ఆగస్టు. కెర్నల్ మార్చిన ప్రతిసారీ జీపీయూ డ్రైవర్ పోయేది, ఎవరిదో ఒకరి పని ఆగేది, తిట్లు నాకు. అందుకని అప్‌డేట్లే ఆపేశాను. పీకేఎగ్జెక్ కెర్నల్‌కి సంబంధం లేని ప్యాకేజీ, విడిగా వేసుకోవచ్చు. ఆ మాట ఇప్పుడు తడుతోంది. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లే అయిపోయాయి. దాని గురించి నేను రాసిన నోట్ ఫైల్‌లోనే ఉంది, ఫైల్ ఎవరి టేబుల్ మీద ఉందో తెలియదు.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో నో రూట్ స్క్వాష్ ఉంది. పెట్టింది నేనే, 2019లో. ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాకపోతే "ఇప్పటికి పెడదాం, సాయంత్రం తీసేద్దాం" అనుకున్నా. ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

నిన్న రాత్రి యూఎస్‌బీతో బూట్ చేసి వెరిఫై కొట్టాను. కాన్ఫిగ్ ఫైళ్ళ మీద మామూలు తేడాలు చాలా వచ్చాయి, అవి నేను మార్చినవే. వాటి మధ్యలో ఒక లైను. మొదట ఎస్, తర్వాత చుక్క, తర్వాత 5, చివర్న యూఎస్‌ఆర్ బిన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ పేరు. అంటే సైజు మారింది, చెక్‌సమ్ (ఫైల్ వేలిముద్ర లాంటిది) మారింది. ఆ లైను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏసీ చప్పుడొకటే వినపడుతోంది.

ఆ పూర్వ విద్యార్థినికి మెయిల్ పెట్టాను. పాపం గంటలోనే జవాబిచ్చారు. వెళ్ళేటప్పుడు తన హోమ్ డైరెక్టరీ మొత్తం ఒక టార్ ఫైల్ (అన్నీ కలిపి కట్టిన మూట) చేసుకున్నారట, థీసిస్ డేటా కోసం. ఇప్పుడు పోస్ట్‌డాక్ చేస్తున్న చోటి క్లస్టర్‌లో దాన్ని విప్పి పెట్టుకున్నారు. ఆ క్లస్టర్‌లో డిసెంబర్‌లో ఏదో చొరబాటు జరిగిందని వాళ్ళకీ మెయిల్ వచ్చిందట. టార్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ కూడా వెళ్ళింది. అందులో ప్రైవేట్ కీ ఉంది, దానికి పాస్‌ఫ్రేజ్ (కీకి వేసే పాస్‌వర్డ్) లేదు. ఆవిడ దాన్ని తయారుచేయలేదు కూడా! మా క్లస్టర్ సెటప్ స్క్రిప్టే మొదటి లాగిన్‌లో ప్రతివాళ్ళకీ ఒక కీ తయారుచేసి, వాళ్ళ ఆథరైజ్డ్ కీస్‌లోనే పెట్టేస్తుంది, నోడ్ల మధ్య పాస్‌వర్డ్ లేకుండా తిరగడానికి. లోపల తిరగడానికి చేసిన కీ బయటి నుంచి కూడా పనిచేస్తుందని నాకెప్పుడూ తోచలేదు. మా అడ్రస్ వాళ్ళకి ఎలా తెలిసిందంటే, నోన్ హోస్ట్స్ ఫైల్ (వెళ్ళిన మెషీన్ల జాబితా), బ్యాష్ హిస్టరీ (కొట్టిన కమాండ్ల జాబితా) రెండూ అదే టార్‌లో ఉన్నాయి.

మరి ఎవరి తప్పని రాయాలి?

———

మదనపల్లె_టమాటా

అన్నా, నేనూ మీలాంటి గూటి పక్షినే, వేరే ఊళ్ళో. ఆవిడ పేరు మాత్రం ఆ నోట్‌లో రాయొద్దు. రాస్తే తర్వాత ఇలాంటిది జరిగినప్పుడు ఏ స్టూడెంటూ మీకు గంటలో మెయిల్ ఇవ్వడు. "పాత అకౌంట్ గడువు ముగించకపోవడం, ఆటోమేటిక్‌గా తయారైన కీకి హద్దు లేకపోవడం" అని రాయండి. అదే నిజం కూడా.

సోమవారం నోట్ కంటే ముందు రాయాల్సింది ఇంకోటి ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు గమనించిన 6 గంటల్లోపు వాళ్ళకు రిపోర్ట్ చేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. 6 గంటలు రంగంపేటలోనే అయిపోయాయి, అయినా పంపండి. ఆలస్యంగా పంపిన దానికంటే అసలు పంపనిదే మెడకు చుట్టుకుంటుంది. ఆ విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళకీ, మీ పిల్లలు మీ లాగిన్ నోడ్ నుంచి వెళ్ళే ప్రతి చోటికీ కూడా కబురు పెట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ మారింది కాబట్టి డిసెంబర్‌లో ఆ క్లస్టర్ నుంచి మీకు ముప్పు వచ్చినట్టే, ఇప్పుడు మీ నుంచి వాళ్ళకి రావచ్చన్నమాట.

మళ్ళీ కట్టేటప్పుడు నేను పడిన పాట్లు కొన్ని చెప్తా.

పాస్‌ఫ్రేజ్ పెట్టుకోండని సర్క్యులర్ ఇచ్చి లాభం లేదు. అవతలివాళ్ళ ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో సర్వర్‌కి తెలిసే మార్గమే లేదు. అందుకే బయటి నుంచి వచ్చేవాళ్ళకి కీతో పాటు ఫోన్‌లో ఆరంకెల కోడ్ తప్పనిసరి చేశాం. గూగుల్ ఆథెంటికేటర్ పామ్ మాడ్యూల్ ఉచితమే, సెంటోస్ 7కి కూడా ఉండేది. దాని రహస్య ఫైల్ మామూలుగా యూజర్ హోమ్‌లో పెడుతుంది. హోమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉంటే అది అన్ని నోడ్లకీ కనిపిస్తుంది. లాగిన్ నోడ్ లోకల్ డిస్క్‌లో రూట్ మాత్రమే చదివే ఫోల్డర్‌కి మార్చండి. టైమ్ కూడా చూసుకోండి. కోడ్ 30 సెకన్లకొకసారి మారుతుంది. మా సర్వర్ గడియారం రెండు నిమిషాలు వెనకబడి ఉండింది, మొదటి రోజు ఒక్కరు లోపలికి రాలేదు. నన్ను హ్యాకర్ కంటే ఘోరంగా తిట్టారు. ఫోన్ పోయినవాళ్ళ కోసం అయిదు ఎమర్జెన్సీ కోడ్లు ఇస్తుంది, ప్రింట్ తీసి సంతకం పెట్టించుకుని ఇచ్చాం. తిరుమలలో కౌంటర్ దగ్గర ఫోన్ మర్చిపోయానని ఒకడు, నీళ్ళ బకెట్లో పడిందని ఇంకొకడు... నెలకు ఇద్దరు గ్యారంటీ.

నోడ్లలోకి నేరుగా వెళ్ళనివ్వకండి. పామ్ స్లర్మ్ అడాప్ట్ పెడితే, ఆ నోడ్‌లో తన జాబ్ నడుస్తున్న మనిషే ఎస్‌ఎస్‌హెచ్ చేయగలడు, చేసినా ఆ జాబ్‌కి ఇచ్చిన కోర్లు, మెమరీ దాటలేడు. ఇది ఉండి ఉంటే మీ 12 నోడ్లలో దొంగ కేవర్కర్ క్యూలో నిలబడి టికెట్ తీసుకోవాల్సి వచ్చేది. క్యూలో పేరు కనిపిస్తే పండగ ముందే పట్టుకునేవాళ్ళు.

వెళ్ళిపోయినవాళ్ళ అకౌంట్ల సంగతికొస్తే, సాఫ్ట్‌వేర్ ఏదీ నాకు పనికిరాలేదు. పనికొచ్చింది నో డ్యూస్ ఫారం. లైబ్రరీ, హాస్టల్, స్పోర్ట్స్, ల్యాబ్ అని గడులుంటాయి కదా, అందులో క్లస్టర్ అని ఒక గడి పెట్టించాను. ఆ గడిలో నా సంతకం లేకపోతే సర్టిఫికెట్ రాదు. సంతకం పెట్టే ముందు గడువు తేదీ కొడతాను, డేటా కావాలంటే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ తీసేసి నేనే కాపీ ఇస్తాను. ఆ గడి పెట్టించడానికి ఎనిమిది నెలలు పట్టింది. కోడ్ రాయడానికి ఒక పూట పట్టేది.

———

పీహెచ్‌డీ_అయిదో_ఏడు

యూజర్ల తరఫున ఒక మాట. మీ అందరి సెక్యూరిటీ బాగుంది గానీ నా రోజు ఎలా ఉంటుందో చెప్పనా? ఎడిటర్ ఒక కనెక్షన్ తెరుస్తుంది, ఫైల్ బ్రౌజర్ ఇంకోటి, ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసేది) మరోటి. ప్రతిదానికీ ఫోన్ తీసి కోడ్ కొట్టాలా? నెట్ పోతే మళ్ళీ మొదటి నుంచి. రాత్రి రెండింటికి జాబ్ అయిపోగానే ఫలితాలు వాటంతటవే మా ల్యాబ్ మెషీన్‌కి రావాలి, అప్పుడు కోడ్ ఎవరు కొడతారు, మా అమ్మా?

మా చోట ఇలాగే పెట్టారు. నెల తిరక్కుండా ఏమైందంటే, క్యాంపస్ లోపల ఒక డెస్క్‌టాప్ రాత్రింబగళ్ళు లాగిన్ అయి ఉంటుంది, ల్యాబ్‌లో ఆరుగురం దాన్ని టీమ్‌వ్యూయర్‌లో వాడుకుంటాం. ఒకే అకౌంట్. గైడ్‌కి కూడా తెలుసు. ఇది తప్పని నాకూ తెలుసు, పేపర్ రిజెక్ట్ అయితే మాత్రం అడ్మిన్ వచ్చి ఓదార్చడు కదా.

———

పాత_యూనిక్స్

అమ్మా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ డెస్క్‌టాప్ సంగతి విని నాకు చెమటలు పడుతున్నాయి, అది వేరే విషయం.

ఒకే కనెక్షన్ మీద అన్నీ నడపొచ్చు. నీ లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో కంట్రోల్ మాస్టర్ ఆటో అని, కంట్రోల్ పెర్సిస్ట్ 8 గంటలని పెట్టుకో. పొద్దున ఒకసారి కోడ్ కొడితే సాయంత్రం దాకా టెర్మినల్, ఆర్‌సింక్ అదే దారిలో పోతాయి. విండోస్‌తో వచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇది పనిచేయదు, డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) లోపల పెట్టుకోవాలి. రాత్రి రెండింటి ఫలితాలకి విడిగా ఒక కీ. ఆథరైజ్డ్ కీస్‌లో ఆ లైను ముందు రెస్ట్రిక్ట్ అని, ఫ్రమ్ అని మీ ల్యాబ్ మెషీన్ ఐపీ, కమాండ్ అని ఆర్ఆర్‌సింక్‌కి (ఆర్‌సింక్‌ని ఒక ఫోల్డర్‌కే కట్టేసే స్క్రిప్ట్) ఒకే ఫోల్డర్, చదవడం మాత్రమే. ఆ కీ ఎవడికి దొరికినా ఆ మెషీన్ నుంచి ఆ ఫోల్డర్‌ని కాపీ చేసుకోవడం తప్ప ఏమీ చేయలేడు. దానికి కోడ్ మినహాయింపు ఇవ్వడం మీ అడ్మిన్ చేతిలో పని, ఈ పేజీ చూపించి అడుగు.

కరకంబాడీ, ఈ అమ్మాయి మాట గోడ మీద రాసిపెట్టుకో. నువ్వు కోడ్ పెట్టే రోజునే ఈ రెండూ ఎలా చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి మెయిల్ చెయ్యి. ఆ పేజీ లేకుండా కోడ్ ఒక్కటే పెడితే మీ ల్యాబుల్లో కూడా అలాంటి డెస్క్‌టాప్ వెలుస్తుంది.

లోపలి కీల సంగతి కూడా. కొత్త సెటప్‌లో అవి తీసేయ్. నోడ్ల మధ్య తిరగడానికి హోస్ట్ బేస్డ్ పద్ధతి (ఒక నోడ్ ఇంకో నోడ్‌ని నమ్మి రానిచ్చేది) పెట్టుకుంటే ఎవరి హోమ్‌లోనూ కీ ఉండక్కర్లేదు. ఆథరైజ్డ్ కీస్‌ని కూడా హోమ్‌లోంచి తీసి ఈటీసీ కింద రూట్ చేతిలో పెట్టు. నువ్వు కిల్ చేసిన మర్నాడే మళ్ళీ వచ్చాడంటే పాత కీ చాలదన్నట్టు కొత్త కీ కూడా చేర్చుకుని ఉంటాడు. ఫైల్ చూశావా?

———

కరకంబాడి_రోడ్డు

మూడు వారాలైంది, రాయడం ఆలస్యమైంది, క్షమించాలి.

చూశాను సార్. ఆవిడ ఫైల్‌లో రెండో లైను ఉంది. అదే కీ ఇంకో ఏడుగురి ఫైళ్ళలో కూడా ఉంది. నో రూట్ స్క్వాష్ పుణ్యం. అందులో ఒక ప్రొఫెసర్ గారి అకౌంట్ కూడా ఉంది, ఆయన 2020 తర్వాత లాగిన్ అయిందే లేదు.

మొత్తం కొత్తగా వేశాను, రాకీ లైనక్స్ 9. హోమ్ డేటా ఉంచాను కానీ అందరి డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లూ, క్రాన్ ఫైళ్ళూ, బ్యాష్ ఆర్‌సీలూ (షెల్ తెరవగానే నడిచే ఫైళ్ళు) పక్కకి తీసేశాను. తీసే ముందు హోమ్‌లలో ఉన్న ప్రైవేట్ కీలని ఖాళీ పాస్‌ఫ్రేజ్‌తో తెరిచి చూశాను. 112 కీలు ఉంటే 103 తెరుచుకున్నాయి. వాటిలో మా స్క్రిప్ట్ తయారుచేసినవి పోగా మిగిలినవి పిల్లలు బయటి చోట్లకి వాడుకునేవి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. అకౌంట్లు 94 నుంచి 33కి వచ్చాయి. థీసిస్ ముగ్గురికీ జీపీయూ నోడ్ ఒకటి ముందుగా ఇచ్చాను, గైడ్ ఫోన్లు ఆగాయి.

సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ వెళ్ళింది. ఆ విదేశీ విశ్వవిద్యాలయం నుంచి వాళ్ళ సెక్యూరిటీ ఆవిడ మెయిల్ చేసింది, వాళ్ళ దగ్గర దొరికిన ప్రోగ్రామ్ చెక్‌సమ్ పంపింది. పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. నేనే డిలీట్ చేశాను కదా, కనుమ నాడు.

పై వాళ్ళకి నోట్ మదనపల్లె అన్న చెప్పినట్టే రాశాను. "అయితే ఎవరి తప్పూ కాదంటారా?" అని అడిగారు. నాదే సార్ అన్నాను. నో రూట్ స్క్వాష్ అంటే ఏమిటో వివరించబోతే వద్దన్నారు. నో డ్యూస్ ఫారంలో గడికి అర్జీ పెట్టాను, ఎనిమిది నెలల్లో వస్తే గొప్పే.

కోడ్ పెట్టాను, తెలుగు పేజీ కూడా పంపాను. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు. తేలనిది ఒక్క పెద్దాయన దగ్గర. ఆయన కోడ్ ఆయన స్కాలర్ ఫోన్‌లో ఉంది. ఆయనకి లాగిన్ కావాలంటే ఆ అబ్బాయికి ఫోన్ చేస్తారు, అతను ఆరంకెలు చదివి చెప్తాడు. ముప్పై సెకన్లలో ఆయన టైప్ చేయలేరు, మళ్ళీ చదవమంటారు. ఇద్దరూ ఇది బాగానే ఉందంటున్నారు. దీనికి మీ దగ్గర మందేమైనా ఉంటే చెప్పండి.

ఒక చిన్న స్క్రిప్ట్ కూడా రాశాను. పది నిమిషాలకొకసారి ఒక్కో నోడ్‌లో స్లర్మ్ ఎన్ని కోర్లు ఇచ్చిందో, నిజంగా ఎన్ని తిరుగుతున్నాయో పోల్చి, తేడా వస్తే నా ఫోన్‌కి మెసేజ్ పెడుతుంది. అది పెట్టాక వాచ్‌మన్ అన్నకి చెప్పాను, ఇక ఫోటోలు అక్కర్లేదని. "అదేదో అది చూసుకోనీ సార్, నేను చూసేది నేను చూస్తా" అన్నాడు. నిన్న రాత్రి పదింటికి కూడా పంపాడు. 41. లేచి క్యూ చూశాను, ఆరు జాబులున్నాయి. సరిపోయింది.